నీటికి ఎదురుగా నాలుగు దినములు

భిలాయ్ పట్టణపు దక్షిణపు కొనను, మైత్రీబాగునకు చేరువనున్న మరోదా జలాశయపు కట్టమీద సూర్యోదయమునకు ముందు నిలిచి, మంచుతెరలో సగము మునిగిన ఆ నీటివంక చూచువానికి, అది ఏ కొండలమీద కురిసిన వానయో, ఎన్ని ఆమడల దూరము కాలువవెంట ప్రయాణము చేసి వచ్చి అచట విశ్రమించుచున్నదో స్ఫురింపదు; బాతులు కనబడును, ఆవలిగట్టున కర్మాగారపు పొగగొట్టములు కనబడును, అంతియే. నేనును ఆ కట్టమీద ముప్పది యేండ్లు ఉదయపు వాహ్యాళికై తిరిగితిని గాని, నీరు వచ్చెడి దిక్కునకు మొగము త్రిప్పి ఒక్క మైలైనను నడచినవాడను కాను. ఉద్యోగవిరమణానంతరము, అరువదిమూడవ యేట, ఫాల్గుణమాసమున ఆ పని చేసితిని. ఈ కథనము దానిని గూర్చినది.

1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ రష్యాతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటికి, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి పనికై వచ్చిన తెలుగు కుటుంబములు ఇచట అనేకము స్థిరపడియుండెను. మా తండ్రిగారిదియు వానిలో నొకటి. ఆయన తరమువారు రైలు దిగిన నాడు చూచినది ఎఱ్ఱమట్టి మైదానమును ఇనుప దూలములును. మా తరము చూచినది సెక్టార్లు, చింతచెట్ల నీడలు, సెక్టార్ 5లోని బాలాజీ కోవెల, సైరను మ్రోతనుబట్టి గడియారము సరిచేసికొను ఇల్లాండ్రు. కర్మాగారమునకు ఇనుపరాయి దల్లీ రాజహరా కొండలనుండి, సున్నపురాయి నందినీనుండి, డోలమైటు హిర్రీనుండి, బొగ్గు దూరపు ఝరియానుండి వచ్చునని బడిపిల్లవాడు కూడ అప్పగించును. నీటిమాట మాత్రము ఎవరును ఎత్తరు. కుళాయి త్రిప్పినచో వచ్చునది గావున దానికి ఊరుపేరులుండునని తోచదు కాబోలు.

నాకును తోచలేదు. తోపించినది స్కాట్లండు దేశము. ఇది విన్న మా మిత్రులు ఇప్పటికిని నవ్వుదురు. మా అమ్మాయి గ్లాస్గోలో నుండగా ఒక వేసవిలో అచట రెండు మాసములు గడపితిని. ఆ నగరమునకు ఉత్తరమున ‘మిల్‌గై’ యని పలుకబడుచు, వ్రాతలో మాత్రము ఎవ్వరికిని పలుకవీలుకాని అక్షరములతో నుండు చిన్న ఊరినుండి ఫోర్ట్ విలియం వరకు 154 కిలోమీటర్ల కాలిబాట యొకటి కలదు. వెస్ట్ హైలండ్ వే యని దానికి పేరు; 1980 అక్టోబరులో ప్రారంభమైనది. లోమండ్ సరస్సు ఒడ్డున చాలదూరము పోయి, రానక్ అను విశాలమైన బీడుభూమి అంచున సాగి, గ్లెన్‌కో కనుమను తాకి, బెన్ నెవిస్ పర్వతపాదమున ముగియును. చెట్టన్నది లేక, నల్లని బురదగుంటలతో, ఊదారంగు హెదర్ పొదలతో, ఆకాశము నేలమీద బోర్లించినట్లుండు ఆ బీటిని వారు ‘మూర్’ అందురు. నేను ఆ బాటలో ఒక దినపు నడకయే నడచితిని: కింగ్స్‌హౌస్ సత్రమునుండి ‘దయ్యపు మెట్లు’ అను కొండయెక్కి ఆవల దిగితిని. దిగినచోట, నిర్మానుష్యమనుకొన్న ఆ కొండలనడుమ, లావుపాటి నీటిగొట్టములు వరుసగా కొండవాలుమీదుగా ఒక గ్రామములోనికి దిగుచుండుట చూచి ఆగితిని. ఆ గ్రామము కిన్‌లోక్‌లెవెన్. 1909లో అచట అల్యూమినియము కర్మాగారము వెలసెను. దానికి విద్యుత్తు కావలసి, బీటిమీద బ్లాక్‌వాటర్ అను జలాశయమును వేలాది కూలీలు పలుగుపారలతో నిర్మించిరి. పనిలో చచ్చినవారిని ఆనకట్ట చేరువనే పాతి, సిమెంటు పలకలపై పేర్లు వ్రాసిరి. ఒక పలకపై పేరులేదు, ‘ఎవరో తెలియదు’ అని మాత్రమున్నది. 2000 సంవత్సరమున ఆ కర్మాగారము మూతపడెను. ఇప్పుడా ఊరికి వచ్చువారిలో పెక్కుమంది వీపున సంచులతో నడచువారే.

“నాన్నా, ఏమిటి ఆ గొట్టాలవంకే అలా చూస్తున్నారు? సరస్సు ఇటువైపు కదా” అని అమ్మాయి అడిగినది. మన ఊరు గుర్తు వచ్చినదమ్మా అంటిని. అప్పుడే తోచినది: కొండ, బీడు, సరస్సు, వానినన్నిటిని త్రాగి బ్రతుకు కర్మాగారము, ఇవి నాలుగును మాకును కలవు; లేనిది బాట మాత్రమే.

లేదని ఏల అనవలెను? తాందులా జలాశయమునుండి నీరు వచ్చు కాలువగట్టు కలదు. రాజహరానుండి ఖనిజము వచ్చు రైలుదారి కలదు. మరోదానుండి రాజహరా ఇంచుమించు 90 కిలోమీటర్లు. నా బావమరిది ఖనిజపు వ్యాగన్ల లెక్కలు చూచు విభాగములో పనిచేసి నాకంటె రెండేండ్ల తరువాత విరమించినవాడు; అతనిని తోడు రమ్మంటిని.

“ఏటి బావా, రాజహరాకి రైలుంది గదా. మన కాళ్లకి పని లేకనా?”

“రైల్లో పోయేవాడికి స్టేషన్లు కనబడతాయిరా, ఊళ్లు కనబడవు.”

అతడు కొంతసేపాలోచించి, “సరే, నడుద్దాం. కానీ వచ్చేటప్పుడు మాత్రం రైలే. ముందే చెబుతున్నాను” అని ఒప్పుకొనెను.

మొదటి దినమున కాలువగట్టు పట్టితిమి. గట్టునకు ఇరువైపుల తుమ్మలు, మద్దులు, ఎచట చూచినను ఊదాపూల బేశరమ్ పొదలు. నరికినకొలది చిగిర్చునది గావున ఈ ప్రాంతపువారు దానికి సిగ్గులేనిదని పేరు పెట్టిరి. నీరు మాకు ఎదురుగా వచ్చుచుండెను. మేము గంటకు ఒక కోసు నడచి, చెట్టు క్రింద కూర్చుండి, నీళ్లు త్రాగి, మోకాళ్లు నిమురుకొని మరల లేచుచుండగా, అది ఎక్కడను ఆగక, గడ్డిపరకను మోసికొనుచు మా ఊరివైపు పోవుచుండెను. స్కాట్లండులో ప్రతి మలుపునను ఒక కంబము నాటి, దానిపై ముండ్లపూవు గుర్తును వేసి బాటసారికి దారి చూపుదురు. ఇచట ఆ పనిని మనుష్యులే చేయుదురు: ఎదురైన ప్రతివాడును ‘జయ్ జోహార్’ అని, ఏ ఊరివారు, ఏ ఊరికి, ఏల నడచుచున్నారు అని మూడు ప్రశ్నలడుగక విడువడు. మూడవదానికి మా యొద్ద సమాధానము లేదు. మ్రొక్కుబడి యని బావమరిది ఒకచోట చెప్పినప్పటినుండి మార్గము సుగమమయ్యెను. దేవునిపేర నడచువానిని ఈ దేశమున ఎవ్వరును పిచ్చివాడనరు.

రిసామా దాటిన పిమ్మట కాలువను విడిచి పొలములకు అడ్డముగా పోవునప్పుడు, పచ్చని దేశము అకస్మాత్తుగా ముగిసి, బూడిదకలిసిన ఎఱుపుతో, గులకరాళ్లు పఱచినట్లు ఒక మెరక మా యెదుట పడెను. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు తెగలుగా చెప్పును: నల్లనిది కన్హార్, పసుపుపచ్చనిది మటాసీ, ఆ రెంటి నడిమిది డోర్సా, దేనికిని కొరగాని మెట్ట భాటా. ఇది భాటా. జేనెడు లోతున నాగలి రాతిని తాకును. వాన పడిన గంటకే ఆరిపోవును. కోదో, అనగా మన అరికెలు, చల్లినచో దయ తలచి కొంత ఇచ్చును. చిత్రకారుడు గీయదలచిన దృశ్యము కాదు. కాని ఒక మోదుగుచెట్టు, ఆకన్నది లేక, నిలువెల్ల నిప్పుకణికలతో ఆ మెట్టపై ఒంటరిగా నిలిచియుండగా, గాలికి అడ్డమేదియు లేక చెవులలో ఈల వేయుచుండగా, నాకు రానక్ బీడు స్మరణకు వచ్చెను. తడినేలకు ఎండునేలకు పోలిక ఏమి యని తార్కికులు అడుగుదురు. నడచువానికి పోలిక కాళ్లలో తెలియును: ఈ మూల నీకై ఎవ్వరును ఏదియు సిద్ధము చేసియుంచలేదు అను భావము రెండుచోట్లను ఒకటియే.

గుండర్‌దేహీ చేరుసరికి నా కుడిమడమపై బొబ్బ లేచెను. క్రొత్త బూట్లు కొనవలదని ఇంట చెప్పిరి, వినలేదు. ఊరి యంచున ఒక గృహస్థుడు, పూర్వము భిలాయ్‌లో కాంట్రాక్టు కూలిగా పనిచేసినవాడట, మమ్ము అరుగుమీద పండుకొననిచ్చి, తెల్లవారగనే బాసీ పెట్టెను. రాత్రి అన్నములో నీళ్లు పోసియుంచి, ఉదయమున ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినునది, మన చద్దియే. బావమరిది దానిని ముందు పెట్టుకొని చాలసేపు మాటలాడక, “అమ్మ పెట్టేది ఇలాగే” అనెను. నేను బూట్లను సంచికి వ్రేలాడదీసి, కొబ్బరినూనె రాసికొని, రబ్బరు చెప్పులతో రెండవదినము బయలుదేరితిని.

ఆ దినమున రైలుదారి ప్రక్కనే మా నడక. బావమరిదికి అది స్వగృహము. మలుపు ఆవల బండి కనబడకమునుపే చప్పుడు విని, “ఖాళీ, రాజహరాకి పోతోంది” అనియో, “నిండుది, మనూరికి” అనియో చెప్పును, ఒక్కసారియు తప్పలేదు. ఖాళీ వ్యాగను డొల్ల డొల్లగా ఎగిరిపడుచు మ్రోగును. నిండినది నేలను అదిమి పట్టుకొని మూలుగును. క్రాసింగు వద్ద వంగి పట్టా నడుముపై ఉబ్బెత్తుగానున్న అక్షరములను వ్రేలితో తడవి చూపించెను: పట్టా భిలాయ్‌లో చేసినది. రాజహరా రాయి భిలాయ్‌కి పోయి, పట్టాయై వచ్చి, తన తోబుట్టువులను మోయుచున్నదన్నమాట. ఈ పట్టాలతో మన దేశపు రైలుమార్గములలో అధికభాగము సాగినదని ఉద్యోగములోనున్నంతకాలము ఉపన్యాసములలో వినుచునే యుంటిని. వ్రేలికి తగిలినది అప్పుడే.

లాటాబోర్ ప్రాంతమున చెరువుల సంగతి చెప్పవలెను. ఛత్తీస్‌గఢ్ పల్లెకు ఒక చెరువు చాలదు. స్నానమునకొకటి, పశువులకొకటి, తామరలకొకటి. ఇచటివారు వానిని తరియా లందురు. పూర్వపు రాజధానులకు ‘ఛై ఆగర్ ఛై కోరీ’ తరియాలుండెడివని చెప్పుదురు. ఆరు ఇరువదులు, మీద ఆరు, వెరసి 126. దుర్గ్ జిల్లాలోని ధమ్‌ధా ఆ లెక్కకు నేటికిని ప్రసిద్ధము. స్కాట్లండువాడు తన సరస్సును ‘లోక్’ అని కంఠములోనుండి పలికి గర్వించును. హిమనదము తొలిచి యిచ్చినదానికి అతడు పడిన శ్రమ యేమి? ఇచటివి ఒక్కొక్కటి గంపమన్ను గంపమన్నుగా మనిషి తవ్వినవి. నేను పక్షపాతినేమో.

మూడవ దినము తాందులా. బాలోద్ పట్టణము చెంత తాందులా, సూఖా అను రెండు ఏరులు కలియుచోట, 1921 నాటికి ముగిసిన మట్టి ఆనకట్ట అది. కట్టపైకి ఎక్కినంతనే గాలి మారెను. ఎదుట ఆవలిగట్టు లేదనదగినంత నీరు. దక్షిణమున, సన్నని నీలిగీతగా, మేము పోవలసిన కొండలు. నీటికాకులు వరుసలుగా నీటిని తాకుచు ఎగిరెను. దీనిని కట్టించినది దుర్గ్ పొలములకు నీరిచ్చుటకు. కఱవులలో మాడిన సీమ ఇది. ఉక్కుపేరు అప్పటికి ఎవరును తలచలేదు. పిమ్మట గోండ్లీ, ఖర్‌ఖరా జలాశయములు తోడయినవి. నేడు మహానదిపైని గంగ్రేల్ జలాశయమును మా దాహమునకు కొంత ఇచ్చుచున్నది. వరిచేనును బ్లాస్ట్ ఫర్నేసును ఒకే కుండలో త్రాగుచున్నవి. వానలు తక్కువైన యేట ముందు ఎవరు త్రాగవలెనను తగవు ఈ గట్లమీద క్రొత్తది కాదు. పంపునొద్ద కూర్చున్న ముదుసలి రైతు, మేము భిలాయ్‌వారమని విని, నవ్వుచునే, “మా నీళ్లు బాగున్నాయా?” అని అడిగెను. బాగున్నవంటిమి. అంతకుమించి ఏమనగలము?

ఆ మధ్యాహ్నము దారి తప్పి కొంత ప్రక్కకు పోయితిమి, కావలెననియే. బాలోద్ నుండి ధమ్‌తరీ పోవు రోడ్డులో కర్కాభాట్ కలదు. పేరులోనే భాటా యున్నది. ఆ మెట్టమీద, రోడ్డునకు ఇరుప్రక్కల, మనిషి నిలువునకు తక్కువగా ఎక్కువగా, నిలిపిన రాళ్లు, కూర్చిన రాళ్లు, ఒరిగిన రాళ్లు లెక్కకు మిక్కిలిగా పఱచుకొని యున్నవి. అవి బృహచ్ఛిలాయుగపు సమాధులు. త్రవ్వకములలో ఇనుప ఆయుధములు లభించినవి. అనగా ఈ కొండల ఇనుమును కరగించి మలచుకొన్నవారి సీమ యిది, రష్యా యంత్రములు రాకమునుపు శతాబ్దముల తరబడి. నిన్నటి కాలము వరకును అగరియా తెగవారు చిన్న మట్టికొలిమిలో తోలుతిత్తులు త్రొక్కి ఇనుము తీసెడివారు. ఆ రాళ్ల నడుమ మేకలు మేయుచుండెను. బ్లాక్‌వాటర్ గట్టున సిమెంటు పలకపై ఒక్కనికి పేరు లేదు. ఇచట ఎవ్వరికిని లేదు. కూర్చుందమని బావమరిది అన్నను, ఏ రాతిమీద కూర్చుండుటకును మనసొప్పక నిలిచియే నీళ్లు త్రాగితిమి.

ఆ రాత్రి కాళ్లు పట్టుకొనుచు, ఏనుగుల వీరాస్వామయ్యగారిని గూర్చి మాటలాడుకొంటిమి. 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, దారిపొడవున మజిలీలు, నీటివసతులు, అంగళ్లు వ్రాసియుంచిన ఆ మహానుభావుడు తెలుగు యాత్రాచరిత్రలకు పెద్ద. కాని ఆయన పోయినది పల్లకిలో. నడచినవారు బోయీలు, వారు వ్రాయలేదు. మనమేమో నడచి వ్రాయుచున్నామని నేను కొంత గొప్ప పోవగా, “మనకి పెన్షనొస్తోంది బావా” అని బావమరిది అటు తిరిగి పండుకొనెను.

నాలుగవ దినమున కుసుమ్‌కసా దారిలో అడవి మొదలయ్యెను. విప్పచెట్ల క్రింద స్త్రీలు ఎండుటాకులు ఊడ్చి తగులబెట్టి, నల్లబడిన శుభ్రమైన నేలపై తెల్లవారుజామున రాలిన పూలను ఏరుచుండిరి. గాలియంతయు తీయగా, కొంత మత్తుగా నుండెను. తునికిచెట్లు, ఆవల మద్దిచెట్లు. నేల రంగు అడుగడుగునకు మారుచుండెను: గోధుమ, ఇటుక, కుంకుమ. కొండ కనబడకమునుపే రాజహరా మా చెప్పులకు అంటుకొనెను.

1887లో ప్రమథనాథ బోసు అను భూగర్భశాస్త్రజ్ఞుడు రాయపూర్ జిల్లా పశ్చిమభాగపు ఇనుప పరిశ్రమను గూర్చి వ్రాయుచు ఈ కొండల సంపదను లోకమునకు తెలిపెను. పదునేడు పదునెనిమిదేండ్ల పిమ్మట, చాందాలో ఇనుమునకై వెదకి విసిగిన దొరాబ్జీ టాటా, నాగపూరులో అధికారి దర్శనమునకు వేచియుండి, ప్రొద్దుపోక ప్రదర్శనశాలలోనికి పోయి, అచట గోడనున్న భూగర్భపటములో దుర్గ్ మండలపు ఇనుపగుర్తును చూచెనట. ఆయన పంపిన అన్వేషకులు ఈ కొండనెక్కగా, లోహముపై నడచినట్లు అడుగులు ఖంగున మ్రోగెనని కథ. అయినను నీరును బొగ్గును చేరువలో లేకపోవుటచేతను, అదే బోసు 1904లో మయూర్‌భంజ్ నుండి వ్రాసిన లేఖచేతను, టాటాల దృష్టి తూర్పునకు మరలెను, సాక్చీ జంషెడ్‌పూరయ్యెను. ఇనుముండియు నీరు లేని కొండ అర్ధశతాబ్దము వేచినది. నీరు కాలువలో నడచి రాగలదని నిరూపింపబడిన తరువాతనే దాని వంతు వచ్చినది.

నేనును అడుగు గట్టిగా వేసి చెవియొగ్గితిని. రబ్బరుచెప్పులు మ్రోగవు. కాని చేతికెత్తిన రాయి పరిమాణమునకు మించిన బరువుతో తూగెను. విరిగినచోట ఎఱుపు నలుపు పొరలు, పుస్తకపు పుటలవలె. రెండువందల కోట్ల సంవత్సరములకు పైబడినవట. కొండ యిపుడు కొండవలె లేదు. గద్దెలు గద్దెలుగా కోయబడి, మెట్లబావిని తలక్రిందులు చేసినట్లున్నది.

ఊరిలో చూడదగినది గని కాదు, ఆసుపత్రి. శంకర్ గుహా నియోగీ నాయకత్వమున గనికూలీలు సంఘమైనది 1977లో; ఆ జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులలో 11 మంది మరణించిరి; వారి జ్ఞాపకార్థము కూలీలే చందాలతో, చేతికష్టముతో కట్టుకొన్న షహీద్ ఆసుపత్రి 1983 జూన్ 3న తెరువబడెను. యంత్రములు వచ్చినచో చేతులేమగునని వాదించి, సారా మాన్పించి, గనికూలి బిడ్డకు బడి పెట్టించిన నియోగీని 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో నిద్రించుచుండగా కాల్చి చంపిరి. ఆనాడు నేను ఉదయపు షిఫ్టులో నుంటిని. వార్త వచ్చిన తరువాత క్యాంటీనులో ఎవ్వరును పెద్దగా మాటలాడలేదు. ఆయన నడిపిన గనుల పోరాటము ఈ దారికి ఆ కొనను, మరణము మా కొనను. ఆసుపత్రి ఆవరణములో వేపచెట్టు క్రింద ఒక గంట కూర్చుంటిమి. రోగుల బంధువులు బుట్టలు విప్పి అన్నములు తినుచుండిరి.

ఈ కొండలలో మేలైన రాయి తఱిగిపోవుచున్నది. భిలాయ్ చూపు ఇపుడు రావ్‌ఘాట్ గనులపై. దానికై రాజహరానుండి 95 కిలోమీటర్ల క్రొత్త రైలుదారి, గుదుమ్, భానుప్రతాప్‌పూర్, అంతాగఢ్ మీదుగా దక్షిణమునకు చొచ్చుచున్నది. స్టేషను చివర నిలిచి చూచిన, కొత్త కంకర తెల్లగా మెరయుచు అడవిలోనికి పోవుట కనబడును. “అదీ నడుద్దామా?” అని బావమరిది అడిగెను. వేళాకోళమో నిజమో అతని మొగము చూచి చెప్పలేకపోతిని.

తిరుగుప్రయాణము ఒప్పందము ప్రకారము రైలులోనే. నాలుగు దినముల నేల మూడు గంటలలోపున కిటికీనుండి వెనుకకు పోయెను. భాటాలోని మోదుగునకై ఎంత చూచినను దొరకలేదు. ఇల్లు చేరునప్పటికి చీకటి పడెను. మరునాడు ఉదయము పెరటిలో మా ఆవిడ కుళాయి క్రింద బకెట్టు పెట్టి నా పంచెలును మేజోళ్లును పిండుచు కేక వేసినది: “ఇదేం మట్టండీ! మూడు నీళ్లు పోశాను, ఎరుపు దిగడం లేదు.”

కుళాయి మూసి వచ్చి చూచితిని. బకెట్టులోని నీరు రాజహరా రంగున నుండెను. నాలుగవసారి పట్టుటకు మరల కుళాయి త్రిప్పితిని.